వంకర చక్రంలో ఉందా, సాఫ్ట్‌వేర్‌లో ఉందా?

వీల్ అలైన్‌మెంట్ ఎక్కడ చేయించాలి అన్న విషయంలో మనవాళ్ళు రెండు పార్టీలు. "ఎక్కడైతే ఏంటండీ, అందరి దగ్గరా అదే మిషను కదా" అనేది ఒక పార్టీ. "కంపెనీ సర్వీస్ సెంటర్లో తప్ప బయటివాణ్ణి ముట్టుకోనివ్వకండి" అనేది రెండోది. మూణ్ణెల్లపాటు ఈ రెండు పార్టీల మధ్యా నలిగి నేను తేల్చుకున్నదేంటంటే, ఇద్దరూ పాత కార్ల గురించే మాట్లాడుతున్నారు. మారుతీ 800కి మొదటి పార్టీ మాట దాదాపు నిజమే. అందులో స్టీరింగ్‌కీ చక్రానికీ మధ్య ఇనప కడ్డీలు తప్ప ఇంకేం లేవు. ఇప్పటి కార్లలో మధ్యలో ఒక మోటారు, దాన్ని తిప్పడానికి ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరుకి చెప్పడానికి ముందు అద్దం వెనకాల ఒక కెమెరా చేరాయి. ఇనుము ఒక్కటే సరిచేసి మిగతావాటిని వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం కాబట్టి ఈ సోది అంతా.

మాది లెవెల్-2 ఏడాస్ ఉన్న కారు. అంటే లేన్ దాటబోతుంటే స్టీరింగ్‌ని తనే కాస్త వెనక్కి నెడుతుంది, ముందు బండికి దూరం తనే చూసుకుంటుంది. పోయిన వానాకాలంలో ఒక రాత్రి నిజాంపేట రోడ్డు మీద, నీళ్ళు నిండి కనబడని గుంతలో కుడి వెనక చక్రం ఫెడీమని పడింది. దిగి చూస్తే టైరు బానే ఉంది, రిమ్ము బానే ఉంది. మర్నాటి నుంచి మాత్రం, కారు తిన్నగా పోవాలంటే స్టీరింగ్ నాలుగైదు డిగ్రీలు కుడికి తిప్పి పట్టుకోవాల్సి వస్తోంది. ఇది పెద్ద విషయం కాదు, సగం టాక్సీలు అలాగే తిరుగుతుంటాయి.

అసలు గొడవ ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదలైంది. మా ఆవిడ రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి అటునుంచటే ఆఫీసుకి ఓఆర్ఆర్ మీదే వెళ్తుంది. "ఇది నాతో గొడవ పడుతోందండీ. నేను తిన్నగా పోతుంటే ఇది కుడికి నెడుతోంది" అంది. నేను పక్కన కూర్చుని చూశాను. నిజమే. లేన్ మధ్యలో ఉన్నా సరే, ఎడమ గీత దాటేస్తున్నామని దాని అనుమానం. వంద మీద పోతున్నప్పుడు, కుడిపక్క లేన్‌లో ఇంకా జోరుగా బళ్ళొస్తున్నప్పుడు, చేతిలో ఉన్న స్టీరింగ్ తనంతట తను కుడికి కదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తను ఆ ఫీచర్ మొత్తం ఆపేసింది. "ఇక దీన్ని నమ్మను" అంది. లక్షన్నర ఎక్కువ పెట్టి, ఆ ఫీచర్ ఉందనే ఆ వేరియంట్ తీసుకున్నాం మరి.

ముందుకెళ్ళే ముందు కాస్త పాఠం. తెలిసినవాళ్ళు ఈ రెండు పేరాలూ దాటెయ్యొచ్చు. అలైన్‌మెంట్‌లో కొలిచేవి ముఖ్యంగా మూడు. చక్రాన్ని ముందునుంచి చూస్తే పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం క్యాంబర్. స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు తిన్నగా నిలువుగా ఉండదు చూడండి, అదే సంగతి. స్టీరింగ్ వదిలేస్తే తనే మధ్యకి రావడానికి కారణం ఇదే. ఇక మూడోది టో. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో-ఇన్, ఎడంగా ఉంటే టో-అవుట్. మనం నడిచేటప్పుడు పాదాలు లోపలికో బయటికో పెట్టినట్టు. టైర్లని తినేసేది ముఖ్యంగా ఈ టోనే.

ఇంకో మాట ఉంది, రోడ్డు పక్క షాపుల్లో ఎవరూ మాట్లాడనిది. వెనక చక్రాలు రెండూ కలిపి కారుని ఏ దిక్కుకి తోస్తున్నాయో ఆ గీతని థ్రస్ట్ లైన్ అంటారు. అది కారు నడిరేఖతో కలిసి ఉండాలి. కలవకపోతే కారు, వీధికుక్క కాస్త అడ్డంగా పరిగెత్తినట్టు, ముఖం ఒకవైపు, ప్రయాణం ఇంకోవైపుగా పోతుంది. డ్రైవరు తెలీకుండానే స్టీరింగ్‌ని ఆ మేరకు తిప్పి పట్టుకుంటాడు. గమనించారా, వంకర వెనక చక్రంలో, కనబడేది ముందు స్టీరింగ్‌లో. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, డేటాబేస్‌లో తప్పు జరిగితే తిట్లు యూఐ వాడికి పడతాయి :)

మొదట మా ఇంటి దగ్గరి టైర్ షాపుకి వెళ్ళాను. కుర్రాడు చురుకైనవాడు, మిషను కూడా కొత్తదే, చక్రాలకి అద్దాల్లాంటి పలకలు తగిలించి కెమెరాలతో కొలిచే త్రీడీ రకం. పది నిమిషాల్లో తెర మీద ఎర్ర గడులన్నీ పచ్చగా చేసి, "అయిపోయింది సార్, బండి ఇగ సీదా పోతది చూడుండ్రి" అన్నాడు. నిజంగానే పోయింది. స్టీరింగ్ నిటారుగా మధ్యలో ఉంది. ఐదు వందలు తీసుకున్నాడు. నైట్రోజన్ నింపుతానన్నాడు గానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదా, మిగతాదానికి డబ్బులెందుకని వద్దన్నాను.

"క్యాంబర్ కూడా కొంచెం అవుటున్నది సార్, సెట్ చేస్త" అని కూడా అడిగాడు. ఇది జాగ్రత్తగా వినండి. చాలా కార్లలో ముందు క్యాంబర్ తిప్పడానికి బోల్టే ఉండదు. మరి ఎలా సెట్ చేస్తారు? హైడ్రాలిక్ జాకీ లాంటి పరికరం పెట్టి స్ట్రట్‌ని వంచుతారు! ఊళ్ళో చాలాచోట్ల ఇదొక మామూలు సర్వీసు, చక్రానికి ఇంత అని రేటు కూడా ఉంటుంది. కంపెనీ గట్టిగా చేసిన ఇనప భాగాన్ని వంచి అంకె పచ్చగా తెప్పించడం అంటే, టెస్టు ఫెయిలవుతోందని టెస్టునే మార్చేయడం లాంటిది. క్యాంబర్ తేడా వచ్చిందంటే ఏదో వంగిందనో, బుష్ పోయిందనో అర్థం. ఆ భాగం మార్చాలి. లేదా కంపెనీ ఒప్పుకున్న చోట సర్దుబాటు బోల్టులు వెయ్యాలి. వంచుతాననే షాపులో మాత్రం నేను దేనికీ నిలబడను. వద్దని వచ్చేశాను.

స్టీరింగ్ తిన్నగా అయింది కదా, మా ఆవిడ మళ్ళీ లేన్ అసిస్ట్ ఆన్ చేసింది. అదే గొడవ. అదే కుడి.

అప్పుడు ఆ షాపు ఇచ్చిన ప్రింటవుట్ తీసి నిదానంగా చూశాను. ముందు చక్రాల గడులే "ముందు, తర్వాత" అని రెండు వరసలున్నాయి. వెనకవాటికి అంకెలు కొలిచాడు గానీ ముట్టుకోలేదు. ఎడమ వెనక టో +0.10 డిగ్రీ. కుడి వెనక -0.50. రెంటి తేడాలో సగం థ్రస్ట్ యాంగిల్, అంటే 0.30 డిగ్రీ. అంటే ఆ కుర్రాడు ముందు చక్రాలని, వంకరగా తోస్తున్న వెనక చక్రాలకి అనుగుణంగా తిప్పాడు. స్టీరింగ్ మధ్యకొచ్చింది, కారు మాత్రం అడ్డంగానే నడుస్తోంది.

0.30 డిగ్రీ అంటే ఎంత, వెంట్రుకవాసి కదా అనిపిస్తుంది. కెమెరా కళ్ళతో చూడండి. కెమెరా అద్దానికి అతుక్కుని ఉంది, అద్దం బాడీకి. బాడీ 0.30 డిగ్రీ ఎడమకి ముఖం పెట్టి, తిన్నగా పోతోంది. యాభై మీటర్ల అవతల గీతని చూసే కెమెరాకి ఆ తేడా పావు మీటరు పైనే. ప్రతి క్షణం దానికి "మనం ఎడమకి జారిపోతున్నాం" అనే కనిపిస్తుంది. అందుకే కుడికి నెడుతోంది. పాపం అది సరిగ్గానే పనిచేస్తోంది, దానికిచ్చిన ఇన్‌పుట్టే తప్పు. చిన్న చిన్న తేడాలని ఇలాంటి వ్యవస్థలు నడుస్తూ నడుస్తూ తామే సర్దుకుంటాయి, కానీ దేనికైనా ఒక హద్దుంటుంది కదా.

టైర్ల లెక్క ఇంకో రకం. వెనక రెండు చక్రాల టో కలిపితే -0.40, అంటే ప్రయాణ దిశకి చెరొకటి 0.20 డిగ్రీ వంకరగా దొర్లుతున్నాయి. సైన్ విలువ తీసి చూస్తే కిలోమీటరుకి మూడున్నర మీటర్లు పక్కకి ఈడ్చుకుపోవడమన్నమాట. ఆరు వేల కిలోమీటర్లు తిరిగితే ఇరవై ఒక్క కిలోమీటర్లు టైరుని తారు మీద పక్కకి రాకినట్టు. టో-అవుట్ కాబట్టి అరిగేది లోపలి అంచు. కారు పక్కన నిలబడి ఎంత చూసినా కనబడదు, జాకీ ఎత్తి తల దూర్చితే తప్ప. బయట అంచు కొత్తదానిలా మెరుస్తూ లోపలి అంచు నున్నగా అయిన టైరుతో ఎంతమంది హైవే ఎక్కుతున్నారో!

ఇక్కడ నాకు బాగా చిరాకు తెప్పించిన సంగతొకటి చెప్పాలి. పాతకాలం హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో అలైన్‌మెంట్ పోతే చేతికి తెలిసేది. ఇప్పుడన్నీ ఎలక్ట్రిక్. 1988లో సుజుకీ సెర్వో అనే బుల్లి కారుతో మొదలైన ఈ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్‌లలో కూడా వచ్చేసింది. మనం తిప్పే బలాన్ని ఒక సెన్సర్ కొలుస్తుంది, మోటారు దానికి సాయం చేస్తుంది. మంచిదే, పెట్రోలు కూడా ఆదా. కానీ మోటారు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది కాబట్టి కంపెనీలు దానికి తెలివితేటలు నేర్పాయి. ఫోర్డ్ వాళ్ళు దీనికి పుల్-డ్రిఫ్ట్ కాంపెన్సేషన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. రోడ్డు వాలు వల్లో పక్కగాలి వల్లో కారు ఒకవైపుకి లాగుతుంటే, డ్రైవరు మాటిమాటికీ దిద్దుకునే అవసరం లేకుండా మోటారే ఆ మేరకు ఎదురు తోస్తుంది. బాగానే ఉంది. కానీ కారు లాగేది రోడ్డు వాలు వల్లో, వంగిన చక్రం వల్లో దానికేం తెలుసు? రెంటినీ ఒకేలా సర్దేస్తుంది. ఖాళీ క్యాచ్ బ్లాకు రాసినట్టు. ఎర్రర్ వచ్చింది, మింగేశాం, లాగ్ కూడా లేదు. వాడికి హాయిగా ఉంది, టైరు మాత్రం అరుగుతోంది. ఇలా సర్దినప్పుడు, "నెలరోజులుగా నేను ఒకే పక్కకి తోస్తున్నాను, ఒకసారి చూపించుకోండి" అని డాష్‌బోర్డు మీద ఒక్క లైను వెయ్యడానికి ఎంత కోడు పడుతుంది చెప్పండి?

సరే, రెండో పార్టీ మాట విందామని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. సర్వీస్ అడ్వైజర్ నా చేతిలో బయటి ప్రింటవుట్ చూడగానే ముఖం మార్చాడు. "బయట అలైన్‌మెంట్ చేయిస్తే వారంటీ పోతుంది సార్." ఏ క్లాజు ప్రకారం అని అడిగితే చూపించలేదు. ఈ బెదిరింపు మనందరం వినేదే కాబట్టి ఒక విషయం గుర్తుంచుకోండి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది, విడిభాగాలూ రిపేరు పరికరాలూ బయటి మెకానిక్కులకి అందకుండా తొక్కిపెట్టినందుకు. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని గంపగుత్తగా షరతు పెట్టకూడదని అదే ఆర్డరులో ఉంది. తర్వాత ఆ కేసు మీద అప్పీళ్ళు నడిచాయి, అది వేరే కథ. బయటివాడు ఏదైనా పాడుచేస్తే ఆ పాడైన దానికి వారంటీ రాదనడం న్యాయం. అలైన్‌మెంట్ బయట చేయించావు కాబట్టి ఏసీ కూడా చూడం అనడం దబాయింపు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ అని ఒకటి తెరిచింది, అందులో వాహనాల విభాగం కూడా ఉంది. ఈ రెండు ముక్కలూ నెమ్మదిగా చెప్పేసరికి అడ్వైజర్ గొంతు తగ్గింది.

గొంతు తగ్గింది గానీ పని జరగలేదు. సాయంత్రం బండి ఇచ్చి, "అన్నీ లిమిట్స్‌లోనే ఉన్నాయి సార్" అన్నాడు. ప్రింటవుట్ అడిగితే ప్రింటర్ పనిచెయ్యట్లేదన్నాడు. ఇది మటుకు నేను ఎక్కడా ఒప్పుకోను. ముందూ తర్వాతా అంకెలున్న కాయితం ఇవ్వని అలైన్‌మెంట్, అలైన్‌మెంట్ కాదు.

మధ్యలో విజయవాడ నుంచి నాన్నగారి ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, ఆ మిషన్లూ అవీ ఎందుకురా, ఇటు తీసుకురా, ఆటోనగర్లో మన మేస్త్రీ గారు దారం కట్టి సరిచేసి పారేస్తారు." నవ్వుకోకండి. దారం పద్ధతిలో తప్పేం లేదు. కారుకి రెండు పక్కలా నడిరేఖకి సమాంతరంగా దారం లాగి కట్టి, రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ దారం నుంచి దూరం కొలిస్తే టో వచ్చేస్తుంది. ఓపికగా చేస్తే మిల్లీమీటరు లోపల తేలుతుంది. ఆ మేస్త్రీ గారు మా అంబాసిడర్‌ని అలాగే ఇరవయ్యేళ్ళు నడిపించారు. నిజానికి త్రీడీ మిషనున్న కుర్రాడి కంటే ఆయనకే ఎక్కువ నయం, ఎందుకంటే ఆయన దారం కట్టే ముందు చక్రం పట్టుకుని ఊపి చూస్తారు. జాయింట్లలో లూజు ఉంటే అసలు మొదలే పెట్టరు. "కానీ నాన్నా, దీనికి సెన్సర్లు కూడా సెట్ చెయ్యాలి" అన్నాను. "అవెందుకు పెట్టించుకున్నావ్ మరి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ సెన్సర్ల సంగతి చెప్పాలి. స్టీరింగ్ కాలమ్‌లో యాంగిల్ సెన్సర్ ఒకటుంటుంది. స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో అది చెబుతుంది. కారు జారకుండా చూసే ఈఎస్‌సీ వ్యవస్థ డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో తెలుసుకునేది దీన్నుంచే. అలైన్‌మెంట్‌లో టై రాడ్లు తిప్పినప్పుడు "తిన్నగా" అనే మాటకి అర్థమే మారుతుంది. సెన్సర్ మాత్రం పాత సున్నానే పట్టుకుని కూర్చుంటుంది. కొన్ని కార్లు కాస్త దూరం తిన్నగా నడిపితే తామే కొత్త సున్నా నేర్చుకుంటాయి, కొన్నిటికి స్కాన్ టూల్ పెట్టి సున్నా చెయ్యాలి. ఆ పైన కెమెరా. వెనక టో సరిచేశారంటే థ్రస్ట్ లైన్ మారిందన్నమాటే, కాబట్టి కెమెరాని మళ్ళీ కాలిబ్రేట్ చెయ్యమని చాలా కంపెనీల సర్వీస్ మాన్యువల్స్‌లో రాసే ఉంటుంది. దానికి సమతలంగా ఉన్న నేల, కొలిచిన దూరంలో నిలబెట్టే గళ్ళ బోర్డు, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. కొన్నిటికి రోడ్డు మీద నడిపి చేసే పద్ధతి. ఇంత ఉంటే, ఐదు వందలకి పది నిమిషాల్లో ఎలా అవుతుంది?

అప్పటినుంచి బండి తీసుకెళ్ళడం మానేసి ఫోన్లు చెయ్యడం మొదలెట్టాను. వెనక చక్రాల టో సరిచేస్తారా అని మొదటి ప్రశ్న. "వెనకాలది అవసరం ఉండదు సార్" అన్నవాళ్ళకి నమస్కారం. చక్రాలకి పలకలు తగిలించాక బండిని ముందుకీ వెనక్కీ కాస్త దొర్లించి రనౌట్ సరిచూస్తారా అని రెండోది. రిమ్ము కాస్త వంకరున్నా అది లెక్కలోకి రాకుండా చూసేది అదే మరి, తొందరలో చాలామంది దాటేస్తారు. స్టీరింగ్ సెన్సర్ సున్నా చేసే స్కాన్ టూల్ ఉందా అని మూడోది. కెమెరా ఎవరు చేస్తారని చివరిది. ఎనిమిది చోట్ల అడిగితే ఐదుగురు రెండో ప్రశ్నలోపే విసుక్కున్నారు. ఒకాయన మాత్రం బాలానగర్ వైపు గ్యారేజీ నుంచి, నా ప్రశ్నలన్నీ విని, "మీ బండి ఎక్కడ దెబ్బ తిన్నది సార్?" అని ఎదురు ప్రశ్న వేశాడు. గుంత గురించి చెప్పాను. "అయితే అలైన్‌మెంట్ తర్వాత, ముందు బండి పైకి లేపి చూడాలె" అన్నాడు. అక్కడికే వెళ్ళాను.

గతంలో సర్వీస్ సెంటర్లలో పనిచేసి బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడట. ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిపాడు. తర్వాత నాలుగు టైర్లలో గాలి సమానం చేశాడు, డిక్కీలో ఉన్న మా బియ్యం మూట దింపించాడు. (బరువుతో సస్పెన్షన్ కుంగితే అంకెలు మారతాయి. మీరూ డిక్కీ ఖాళీ చేసుకుని వెళ్ళండి.) లిఫ్టు మీద పెట్టి టార్చి వేసి చూపించాడు, కుడి వెనక టో లింకు. ఎడమదానితో పోల్చి చూస్తే తప్ప తెలియనంత వంపు. "దీన్ని అట్లనే పెట్టి బోల్టు తిప్పితే అంకె వస్తది సార్, కానీ వంగిన కడ్డీ మళ్ళ వంగుతది. లింకు మార్చుకుందాం." లింకు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ నా పాత స్కూటీ మీద ఆఫీసుకెళ్ళింది, పిల్లల్ని నేను దింపాను.

లింకు వేశాక గంటన్నర పట్టింది అలైన్‌మెంట్. ముందు వెనక టో, దానివల్ల థ్రస్ట్ యాంగిల్ 0.02కి వచ్చింది, ఆ తర్వాత స్టీరింగ్‌ని మధ్యలో బిగించి ముందు టో. ఆ వరసలోనే చెయ్యాలి. ముందుది ముందు చేస్తే వెనకది కదిపాక మళ్ళీ మొదటికొస్తుంది. యాంగిల్ సెన్సర్ సున్నా చేశాడు. కాయితం ఇచ్చాడు. అన్నీ అయ్యాక, "కెమెరా నా దగ్గర కాదు సార్. బోర్డులు లేవు, ఉన్నా నా జాగ సరిపోదు. కంపెనీకే పోవాలె" అన్నాడు. తనకి రానిది రాదని చెప్పినవాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో. లింకు, కూలీ, అలైన్‌మెంట్ కలిపి 4,600 అయింది.

కెమెరా కోసం అదే కంపెనీ వాళ్ళదే ఇంకో బ్రాంచికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కాయితం తీసుకుని చూసి, "థ్రస్ట్ యాంగిల్ బావుంది సార్, చేసేయొచ్చు. చాలామంది అలైన్‌మెంట్ లేకుండానే కాలిబ్రేషన్‌కి వస్తారు, వంకర మీద వంకర అవుతుంది" అంది. వారంటీ మాటే ఎత్తలేదు. సగం రోజు పట్టింది, 3,500 తీసుకున్నారు. ఒకే కంపెనీ, రెండు బ్రాంచీలు, ఒకచోట ప్రింటర్ పనిచెయ్యదు, ఇంకోచోట ఇలాంటి అమ్మాయి. అందుకే "కంపెనీయా, బయటా" అన్న ప్రశ్నే అర్థం లేనిదంటున్నాను. వెనక టైర్లు రెండూ లోపల నున్నగా అయిపోయాయి, అవి మార్చక తప్పలేదు. మా ఆవిడ ఇంకో రెండు వారాలదాకా లేన్ అసిస్ట్ జోలికి పోలేదు. శంషాబాద్ వెళ్తున్నప్పుడు ఒకరోజు తనే ఆన్ చేసి, పది కిలోమీటర్లు స్టీరింగ్ గట్టిగా పట్టుకునే కూర్చుని, తర్వాత భుజాలు కాస్త వదులు చేసింది.

ఇదంతా డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుక్కి ఫోన్లో చెబుతుంటే, "అన్నయ్యా, నీది నయం. నా కారుకి వెనక చక్రాలు కూడా తిరుగుతాయి" అన్నాడు. వాడిది 2015 అక్యూరా టీఎల్ఎక్స్, ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అందులో వెనక రెండు చక్రాల టోని చెరొక మోటారు నడుస్తుండగానే మారుస్తుంది. లేన్ మారేటప్పుడు ముందు చక్రాలు తిరిగిన వైపుకే కాస్త, మలుపులో వాటికి ఎదురుగా, బ్రేకు వేస్తే రెండూ లోపలికి. వెనక చక్రాలు తిరగడం కొత్తేం కాదు. 1987లోనే హోండా ప్రెల్యూడ్‌లో ఉంది, అది కూడా కంప్యూటరు లేకుండా, ఒట్టి గేర్లతో. స్టీరింగ్ కొంచెం తిప్పితే వెనక చక్రాలు అదే వైపుకి, బాగా తిప్పితే ఎదురువైపుకి వెళ్ళేవి. ఆ ఇంజనీర్లకి దణ్ణం పెట్టాలి. మెర్సిడెస్ వాళ్ళ ఈక్యూఎస్‌లో ఇది పది డిగ్రీలదాకా పోయింది. జర్మనీలో ఆ పది డిగ్రీలనీ ఏడాది చందా కట్టి సాఫ్ట్‌వేర్‌తో తెరిపించుకునేలా పెట్టారు, మోటారు కార్లోనే ఉన్నా సరే. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో వెనక చక్రాలూ తిరుగుతాయి, స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య అసలు ఇనప బంధమే లేదు, ఒట్టి తీగలు.

ఇలాంటి కారుకి అలైన్‌మెంట్ అంటే అసలు చిక్కు మొదట్లోనే ఉంది. వెనక మోటార్లు ఏ స్థానంలో ఆగి ఉన్నాయో తెలియకుండా కొలిచే టోకి విలువేముంది? ముందు స్కాన్ టూల్‌తో వాటిని మధ్యస్థానానికి తెచ్చి, అక్కడ ఉంచి, అప్పుడు కొలవాలి, సరిచేశాక ఆ కొత్త మధ్యస్థానాన్ని కంప్యూటరుకి నేర్పాలి. మావాడి ఇంటి దగ్గరి టైర్ షాపువాడు అవేం లేకుండా, మోటార్లు ఎలా ఉంటే అలా కొలిచి చేసిచ్చాడట. మర్నాటికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం.

నా నాలుగు ప్రశ్నలకి ఐదోది కలిపి ఇచ్చాను, "వెనక మోటార్లని మధ్యకి తేవడానికి నీ దగ్గర ఏముంది?" అని. మొదటి షాపువాడు ఏ మోటార్లు అన్నాడట. రెండోవాడు, తెచ్చెయ్ చూద్దాం అన్నాడట. మూడోవాడు కారు ఏ సంవత్సరందో అడిగి, "ఆ కారు నేను చెయ్యను, నా టూల్‌కి ఆ మాడ్యూల్ కనబడదు" అని చెప్పి, హోండా బళ్ళు మాత్రమే చూసే ఇంకో గ్యారేజీ నంబరు ఇచ్చాడట. నలభై మైళ్ళ దూరం. శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నాడు, డిక్కీ ఖాళీ చేసుకుని వెళ్ళమని చెప్పాను.